కనీసం 4 ఓములు కావాలన్న హెడ్‌కు 8, 4 ఓముల బాక్సులు రెండూ కలపవచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, తప్పుంటే సరిదిద్దు. నాగర్‌కర్నూల్‌లో ఉంటావు. ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల రోజుల్లో ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తావు. నీ హెడ్ (స్పీకర్ లేని విడి యాంప్లిఫయర్ పెట్టె) వెనక 8 ఓములకు 300 వాట్లు, 4 ఓములకు 500 వాట్లు, కనీస లోడ్ 4 ఓములు అని రాసి ఉంది. దాని కింద 15 అంగుళాల స్పీకర్ ఉన్న బాక్స్ ఒకటి పెట్టుకున్నావు. అది 8 ఓములు, 300 వాట్లు. ఇప్పుడు జడ్చర్లలో ఒకాయన రెండు 10 అంగుళాల స్పీకర్లున్న బాక్స్ అమ్ముతున్నాడు. అది 4 ఓములు, 250 వాట్లు. 300కు 250 కలిపితే 550, హెడ్ 500, కాబట్టి లెక్క సరిపోయింది కదా అంటున్నావు.

సరిపోలేదు. నువ్వు వాట్లు కూడావు, ఓముల లెక్క, అంటే స్పీకర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో, అది చూడలేదు. ఆ బాక్స్ కొంటే రెండింటినీ కలిపి ఈ హెడ్ మీద వాయించలేవు. ఎందుకో చెప్తాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఎందుకంటే ఇదే తప్పు నేను చేసి, దానికి తగిన ఖర్చు పెట్టినవాడిని.

మన ఊళ్లలో దీన్ని అర్థం చేసుకోవడానికి బోరు మోటార్లను మించిన ఉదాహరణ లేదు. పొలం గట్టు మీద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉంటుంది. ఐదు మోటార్లకు సరిపడేలా వేశారు. ఆరో రైతు వచ్చి తన మోటారు తగిలిస్తాడు, ఏడో ఆయన కూడా తగిలిస్తాడు. వోల్టేజీ తగ్గి మోటార్లు ఈడ్చినా తిరుగుతూనే ఉంటాయి. కాలిపోయేది ట్రాన్స్‌ఫార్మర్. అక్కడ మోటార్లన్నీ సమాంతరంగా కలిసి ఉంటాయి. నీ బాక్స్ వెనక ఉన్న రెండో జాక్ నుంచి ఇంకో బాక్స్‌కు వైరు తీసినా, హెడ్ వెనక ఉన్న రెండు జాకులకు రెండు బాక్సులు పెట్టినా అదే జరుగుతుంది. రెండూ సమాంతరమే. హెడ్ మీద రెండు జాకులున్నాయి కాబట్టి ఒక్కో దానికి 4 ఓములు పెట్టవచ్చని చాలామంది అనుకుంటారు. మామూలు బేస్ హెడ్‌లలో ఆ రెండు జాకులూ లోపల ఒకే తీగకు అతికి ఉంటాయి. రెండిటికీ 4 ఓములు పెడితే హెడ్‌కు కనిపించేది 2 ఓములు.

నీ బాక్సుల లెక్క ఇదీ. 8ని 4తో గుణిస్తే 32, రెండూ కూడితే 12, 32ను 12తో భాగిస్తే 2.67. హెడ్ అడిగినది కనీసం 4. ఓములు తగ్గాయంటే కరెంటు పెరిగిందని అర్థం. 4 ఓములకు 500 వాట్లు ఇచ్చే హెడ్ గట్టిగా వాయించినప్పుడు సుమారు 45 వోల్టుల దాకా పంపుతుంది, అప్పుడు పారే కరెంటు 11 ఆంపియర్లు. అదే 45 వోల్టులకు 2.67 ఓములు తగిలిస్తే దాదాపు 17 ఆంపియర్లు లాగుతుంది. ఆ అదనపు 6 ఆంపియర్ల కోసం ఆ హెడ్‌ను ఎవరూ తయారు చేయలేదు. ఇప్పటి తేలికపాటి క్లాస్ డీ (తక్కువ వేడెక్కే రకం) హెడ్ అయితే ఎర్ర దీపం వెలిగించి నోరు మూసుకుంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో సామాను కొని ఇక్కడే అసెంబుల్ చేసిన యాంప్లిఫయర్ అయితే స్పీకర్‌కు కరెంటు పంపే 5200, 1943 నంబర్ల ట్రాన్సిస్టర్ల జంటలు ఒకదాని వెనక ఒకటి పోతాయి.

అవి పోతే పోయాయి, మార్చుకుందాం అనుకోకు. ఆ ట్రాన్సిస్టర్ షార్ట్ అయినప్పుడు లోపలి సప్లై, అంటే 60 వోల్టుల డీసీ (బ్యాటరీలా ఒకే దిశలో పారే కరెంటు), నేరుగా స్పీకర్ మీద పడుతుంది. 8 ఓముల స్పీకర్ కాయిల్ డీసీకి 6 ఓముల దాకా ఉంటుంది. 60 వోల్టులు, 6 ఓములు అంటే 10 ఆంపియర్లు, 600 వాట్లు. అదీ సంగీతం లాగా వచ్చిపోయేది కాదు, ఇస్త్రీ పెట్టె లాగా ఏకధాటిగా వేడెక్కించేది. కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు) ఒక్కసారి ముందుకు దూకి అక్కడే ఆగిపోతుంది, కొన్ని సెకన్లలో వార్నిష్ కాలిన వాసన వస్తుంది. ఇలాంటప్పుడు స్పీకర్‌ను విడదీసే ప్రొటెక్షన్ రిలే ఉన్న యాంప్లిఫయర్‌లో ఈ ప్రమాదం తక్కువ. ఖర్చు తగ్గించడానికి అసెంబ్లీ వాళ్లు మొదట వదిలేసేది ఆ రిలేనే.

హెడ్ ఎలాగో తట్టుకుందనే అనుకో, అప్పుడు కూడా నీ జోడీ కుదరదు. సమాంతరంగా ఉన్న రెండు బాక్సులకూ వోల్టేజీ ఒక్కటే. 4 ఓములది 8 ఓముల దానికంటే రెండింతలు లాగుతుంది. హెడ్ 500 వాట్లు ఇస్తే 333 వాట్లు ఆ 250 వాట్ల చిన్న బాక్స్‌కు, 167 వాట్లు మాత్రమే నీ 300 వాట్ల పెద్ద బాక్స్‌కు వెళ్తాయి. బలహీనుడి నెత్తిన పెద్ద మూట పెట్టినట్టు. 550 వాట్ల బాక్సులని నువ్వు కూడిన లెక్క ఇక్కడ ఎందుకూ పనికిరాదు. ఓములు వేరుగా ఉన్న బాక్సులు కలిపినప్పుడు వాట్లు కూడకూడదు, ఎవరికెంత వాటా వెళ్తుందో చూడాలి.

శ్రేణిలో కలిపితే 12 ఓములు అవుతుంది కదా, హెడ్ భద్రంగా ఉంటుంది కదా అని ఎవరో ఒకరు కింద రాస్తారు, కాబట్టి ముందే చెప్తున్నాను. భద్రంగానే ఉంటుంది. కానీ హెడ్ ఇచ్చేది 170 వాట్లకు అటూ ఇటూ. పైగా స్పీకర్ ఓములు ఒకే అంకె మీద నిలిచి ఉండవు, స్వరాన్ని బట్టి మారతాయి. రెండు రకాల స్పీకర్లను శ్రేణిలో కడితే ఒక స్వరం ఒక బాక్స్‌లో మోగుతుంది, ఇంకో స్వరం ఇంకో దానిలో మోగుతుంది. బేస్ వాయింపు గుంతల రోడ్డులా వినిపిస్తుంది. ఒకే రకం స్పీకర్లను ఒకే బాక్స్ లోపల శ్రేణిలో పెట్టడం వేరు, అది కంపెనీలు చేసే పనే. నాలుగు 8 ఓముల స్పీకర్లున్న బాక్స్‌లో రెండేసి శ్రేణిలో కట్టి, ఆ రెండు జతలను సమాంతరంగా కలిపితే మళ్లీ 8 ఓములే వస్తుంది. బేస్ వాళ్లందరికీ తెలిసిన ఆంపెగ్ కంపెనీ ఎనిమిది స్పీకర్ల పెద్ద బాక్స్‌లో ఒక్కో స్పీకర్ 32 ఓములు, ఎనిమిదీ సమాంతరం, మొత్తం 4 ఓములు.

మరి ఏం కొనాలి? ఇంకో 8 ఓముల బాక్స్. అది రెండు 10 అంగుళాలదైనా సరే, నీ దగ్గరున్నట్టే 15 అంగుళాలదైనా సరే. రెండు 8 ఓములు సమాంతరంగా 4 అవుతాయి. హెడ్ 500 వాట్లు ఇస్తుంది, చెరి 250 పంచుకుంటాయి. నా మాట అడిగితే ఇప్పుడున్న బాక్స్‌లాంటిదే ఇంకొకటి దొరికితే అదే తీసుకో. 15, 10 కలిపితే కింది స్వరాలు ఒకటి, పై స్వరాలు ఒకటి చూసుకుంటాయన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. రెండింటికీ వెళ్లేది ఒకటే సిగ్నల్, మధ్యలో పని పంచే క్రాసోవర్ లేదు. కొన్ని జోడీలు బాగుంటాయి, కొన్ని ఒకదాన్నొకటి మింగేస్తాయి. విని చూడకుండా చెప్పలేని విషయం అది. ఒకే రకం రెండు అయితే ఆ చిక్కు ఉండదు.

ఇంకో మాట. రెండో బాక్స్ తెచ్చాక మోత పెరగకపోగా కింది స్వరాలు మాయమైతే, ఒక దానిలో తీగలు తిరగబడి ఉన్నాయని అర్థం. టార్చిలైటు బ్యాటరీ ఒకటి తీసుకుని వైరు చివరలకు ఒక్క క్షణం తాకించు. ప్లస్‌కు ప్లస్ తగిలినప్పుడు రెండు బాక్సుల్లోనూ కోన్ ఒకే వైపు కదలాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పోతే రెండూ కొట్లాడుకుంటున్నట్టే. ఒక దానిలో తీగలు మార్చు.

ఇప్పుడు నా ఖర్చు కథ. 2009 క్రిస్మస్ వారంలో మిర్యాలగూడ దగ్గర ఒక ఊళ్లో కార్యక్రమం. నా హెడ్ కూడా కనీసం 4 ఓములదే. సొంత బాక్స్ 8 ఓములు. నల్లగొండలో నెల ముందు పాతది ఇంకొకటి కొన్నాను, దాని వెనక చీటీ మీద కూడా 8 ఓములే ఉంది. ఇంట్లో తక్కువ మోతలో రెండు పాటలు వాయించి చూశాను, బాగానే ఉంది. అక్కడ మూడో పాట మధ్యలో బేస్ ఆగిపోయింది, ఎర్ర దీపం. ఆపి మళ్లీ వేస్తే పది నిమిషాలు మోగింది, మళ్లీ ఆగింది. వోల్టేజీ తక్కువగా ఉందనుకున్నాను. జనరేటర్ ఆయన మీద అరిచాను కూడా. ఆయన పాపం కొవ్వొత్తుల వెలుగులో మీటర్ చూపించి, 220 ఉంది చూడండి సార్ అన్నాడు. మిగిలిన రాత్రంతా కీబోర్డు ఆయనే ఎడమ చేత్తో బేస్ లాగించాడు. నేను గిటార్ మెడలో వేసుకుని అలంకారంగా నిలబడ్డాను.

ఇంటికొచ్చి రెండు బాక్సులకూ మల్టీమీటర్ పెట్టాను. నాది 6.1 చూపింది. కొత్తగా కొన్నది 3.4. వెనక చీటీ అబద్ధం కాదు, పాతది. ముందున్న యజమాని దగ్గర కాయిల్ కాలిపోతే, రిపేరు చేసినాయన తన దగ్గరున్న 4 ఓముల కాయిల్ వేసి పంపించాడు. స్పీకర్ మోగుతుంది, యజమానికి తేడా తెలియదు, చీటీ మాత్రం 8 అనే అంటుంది. అంటే నేను ఆ రాత్రి వాయించింది సరిగ్గా నీ లెక్కే, 2.67 ఓములు. హెడ్ ఆ రాత్రికి బతికింది గానీ ఆరు నెలల తర్వాత అదీ పోయింది. జనరేటర్ ఆయన ఏడాది తర్వాత హాలియాలో కనిపించాడు. టీ తాగించి జరిగింది చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు.

అందుకే పాత బాక్స్ కొనేటప్పుడు జేబులో మల్టీమీటర్ పెట్టుకుని వెళ్లాలి. మూడు, నాలుగు వందలకు దొరికేది చాలు. ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించి చూడు, 0.2, 0.3 అని చూపిస్తుంది. అది వైర్లది, తర్వాత వచ్చిన అంకెలోంచి తీసెయ్యి. బాక్స్‌కు హెడ్ నుంచి వైరు ఉండకూడదు. 8 ఓముల బాక్స్ 5.5 నుంచి 7 మధ్య చూపిస్తుంది. 4 ఓములది 3కు, 3.5కు దగ్గరగా ఉంటుంది. 16 ఓములది 11, 12 చూపిస్తుంది. చీటీ అంకె కంటే మీటర్ అంకె తక్కువ రావడం మామూలే, ఎందుకంటే మీటర్ చూసేది డీసీ నిరోధం, చీటీ చెప్పేది స్వరం మోగుతున్నప్పటి సంగతి. నాలుగు స్పీకర్ల 8 ఓముల బాక్స్‌లో 6కు బదులు 12 కనిపిస్తే, ఒక స్పీకర్ కాయిల్ తెగింది, దానితో శ్రేణిలో ఉన్న మంచిది కూడా మూగపోయింది. ధర తగ్గించమని అడగడానికి అది మంచి సమయం. పైన ట్వీటర్ (సన్నని స్వరాల చిన్న స్పీకర్) ఉంటే దాని సంగతి మీటర్‌లో తెలియదు, మధ్యలో డీసీని ఆపే కెపాసిటర్ ఉంటుంది కాబట్టి. దాన్ని చెవితోనే వినాలి.

కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కి కూడా చూడు. గరగర రాపిడి వినిపిస్తే కాయిల్ రాసుకుంటోంది. అలాంటిది ఎంత చవకైనా వద్దు.

ఇక వాట్ల సంగతి. నీ ప్రశ్నలో దుకాణం వాళ్లు చెప్పిన రెండు మాటలున్నాయి. ఒకటి, యాంప్లిఫయర్ వాట్లు స్పీకర్ వాట్లకు సరిగ్గా సమానంగా ఉండాలి, లేకపోతే పగిలిపోతుంది. రెండోది, తక్కువ వాట్ల యాంప్లిఫయరే స్పీకర్‌ను ఎక్కువ కాలుస్తుంది. రెండూ సగం నిజాలు. ఓముల విషయంలో హెడ్ వెనక రాసిన గీత దాటకూడదు, అందులో బేరం లేదు. వాట్లలో చాలా బేరం ఉంది, ఎందుకంటే ఎంత వాయించాలో నీ చేతిలో ఉంది. 500 వాట్ల హెడ్ ఎప్పుడూ 500 ఇస్తూ కూర్చోదు. చర్చిలో నువ్వు వాయించే మామూలు మోతకు సగటున 20, 30 వాట్లు వెళ్తుంటాయేమో, తీగను గట్టిగా లాగిన క్షణంలో మాత్రం ఎగిరి దూకుతుంది.

ముందు చీటీ మీద ఏ వాట్లు రాశారో చూడాలి. ఒకే స్పీకర్‌ను నిరంతరం 250 అనీ, ప్రోగ్రామ్ 500 అనీ, పీక్ 1000 అనీ మూడు రకాలుగా రాయవచ్చు. మూడూ నిజమే. అమ్మేవాడు మాత్రం 1000 అనే చెప్తాడు. నువ్వు చూడాల్సింది చిన్న అంకె. ఆ నిరంతర వాట్లకు సమానం నుంచి ఒకటిన్నర రెట్ల దాకా హెడ్ ఉండవచ్చు, చెవి ఉన్న మనిషి వాయిస్తే రెండు రెట్లున్నా ఏమీ కాదు. చెవి లేనివాడి చేతిలో సగం వాట్ల హెడ్ కూడా స్పీకర్‌ను కాల్చగలదు. వాల్యూమ్ మొత్తం తిప్పేసి యాంప్లిఫయర్‌ను క్లిప్ చేస్తే తరంగం పైనా కిందా కత్తిరించినట్టు చదునవుతుంది. పూర్తిగా చతురస్రమైతే అదే ఎత్తున్న మామూలు తరంగం కంటే రెండింతల శక్తి అందులో ఉంటుంది. 200 వాట్ల హెడ్ అప్పుడు 400 వాట్ల దాకా పంపుతుంది. కాల్చేది ఆ అదనపు వాట్లే, యాంప్లిఫయర్ చిన్నది కావడం కాదు. 500 వాట్ల బాక్స్ కింద 100 వాట్ల హెడ్ ఎంత క్లిప్ అయినా ఆ పెద్ద కోన్‌లకు నష్టం లేదు, ట్వీటర్ ఉంటే దానికి కొంచెం గండం.

వేడి ఒక రకం చావు, బేస్‌లో ఇంకో రకం ఉంది. నాలుగు తీగల గిటార్‌లో లావు తీగది E స్వరం, 41 హెర్ట్జ్. ఐదు తీగలదైతే B స్వరం, 31 హెర్ట్జ్. అదే మోత కావాలంటే, స్వరం సగానికి దిగినప్పుడల్లా కోన్ నాలుగింతలు ఎక్కువ కదలాలి. ముందు వైపు రంధ్రం ఉన్న బాక్సుల్లో ఒక స్వరం దాకా లోపలి గాలి కోన్‌ను పట్టుకుని ఉంటుంది. ఆ స్వరం కంటే కిందికి దిగితే పట్టు వదిలేస్తుంది, కోన్ పలుపు తెంచుకున్న కోడె లాగా ఊగుతుంది. అక్కడ 300 వాట్ల స్పీకర్ 100 వాట్లకే టక్ టక్ మని కొట్టుకోవచ్చు. ఆ శబ్దం వినిపించిన క్షణం చెయ్యి తగ్గించు. హెడ్‌లో బేస్ నాబ్‌ను మొత్తం తిప్పే అలవాటు ఉంటే మానుకో. 30, 35 హెర్ట్జ్ కింద కోసేసే హైపాస్ ఫిల్టర్ హెడ్‌లో ఉంటే ఎప్పుడూ వేసే ఉంచు. ఆ కిందిది ఎలాగూ చెవికి పెద్దగా తెలియదు, కోన్‌ను మాత్రం అలసిపోయేలా చేస్తుంది.

వాట్లు పెంచితే మోత ఎంత పెరుగుతుందో కూడా తెలుసుకో, డబ్బులు మిగులుతాయి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు. జాగ్రత్తగా వింటే తెలుస్తుంది, అంతే. చెవికి రెండింతలు అనిపించాలంటే పదింతల వాట్లు కావాలి. నీ హెడ్ 300 నుంచి 500కు వెళ్తే వచ్చేది 2.2 డెసిబెళ్లు. దాని కోసం బాక్స్ కొనవద్దు. కానీ రెండో 8 ఓముల బాక్స్ పెట్టినప్పుడు కింది స్వరాల్లో రెండు స్పీకర్లూ కలిసి ఇంకో 3 డెసిబెళ్ల దాకా తెస్తాయి. మొత్తం 5. అది నిజంగా వినిపిస్తుంది. బాక్స్ కాగితాల్లో ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లో రాస్తారు, కొనేవాళ్లు దాన్ని చదవరు. 94 ఉన్న బాక్స్‌కు 400 వాట్లు పోస్తే వచ్చే మోత, 100 ఉన్న బాక్స్‌కు 100 వాట్లకే వస్తుంది. పెద్ద హెడ్ కొనే ముందు ఆ అంకె ఎక్కువ ఉన్న బాక్స్ వెతకడం మేలు.

ఎండాకాలం మన దగ్గర ఇంకొకటి గమనిస్తావు. మే నెలలో 44 డిగ్రీల్లో ఆరుబయట పెళ్లి. మొదటి గంట బేస్ నిండుగా ఉంటుంది, రెండో గంటకు డీలా పడుతుంది, నువ్వు వాల్యూమ్ పెంచుతావు. కాయిల్ రాగి తీగ, డిగ్రీకి దాదాపు 0.4 శాతం నిరోధం పెరుగుతుంది. కాయిల్ 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 6 ఓములు కాస్తా 8 దాటుతుంది, వచ్చే శక్తి తగ్గుతుంది. నువ్వు పెంచితే ఇంకా వేడెక్కుతుంది. రెండు బాక్సులుంటే వేడి చెరిసగం. రెండో బాక్స్ కొనడానికి నాకు తెలిసిన గట్టి కారణం ఇదే.

వోల్టేజీ గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. చెరువుగట్టు జాతరలోనో మన్యంకొండ దగ్గరో లైట్లూ మైకులూ ఒకే జనరేటర్ మీద ఉంటే 230 కాస్తా 190కి దిగుతుంది. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతకాలపు యాంప్లిఫయర్ అయితే 500 వాట్లు 340కి పడిపోతాయి, ఎందుకంటే శక్తి వోల్టేజీ వర్గంతో తగ్గుతుంది. అంటే నువ్వు రోజూ వాయించే మోతకే ఆ రోజు క్లిప్ అవుతుంది. క్లిప్ దీపం మీద ఒక కన్ను ఉంచు.

వైరు. గిటార్‌కు వాడే వైరును హెడ్‌కూ బాక్స్‌కూ మధ్య పెట్టేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. జాక్ ఒకటే రకం కాబట్టి పడుతుంది. లోపలి తీగ వెంట్రుక లావు, 10 ఆంపియర్లు దానికి ఎక్కడ సరిపోతాయి? కరెంటు సామాన్ల దుకాణంలో రెండు కోర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తని రాగి వైరు కొను. 10 మీటర్లకు, పోనూ రానూ 20 మీటర్లకు, 0.16 ఓములు. అదే 0.75 వైరు అయితే అర ఓము, అంటే నీ 4 ఓముల దగ్గర తొమ్మిదో వంతు శక్తి వైరు వేడి చేయడానికే పోతుంది. వీలైతే స్పీకాన్ (తిప్పి బిగించే రకం కనెక్టర్) వేయించు, పాట మధ్యలో ఎవరి కాలో తగిలినా ఊడదు.

ఇది చదివేవాళ్లలో చర్చి మైక్ సెట్టు యాంప్లిఫయర్‌కే బేస్ బాక్స్ తగిలించాలని చూసేవాళ్లుంటారు. దాని వెనక కామన్, 4, 8, 16 అని స్క్రూలుంటాయి, పక్కనే 70 వోల్టులు, 100 వోల్టులు అని కూడా ఉంటాయి. ఆ చివరివి స్తంభాల మీది హారన్లకు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లున్న గోడ స్పీకర్లకు. 250 వాట్ల యాంప్లిఫయర్ 100 వోల్టుల స్క్రూకు కనీసం 40 ఓములు ఎదురు చూస్తుంది. అక్కడ 8 ఓముల బాక్స్ బిగిస్తే మోయగలిగిన దానికి ఐదింతలు లాగుతుంది. 8 ఓముల బాక్స్ 8 అని రాసిన స్క్రూకే, అది కూడా హారన్లు మరో స్క్రూ మీద లేనప్పుడే.

స్పీకర్ లేకుండా యాంప్లిఫయర్ వేయకూడదని మీ బాబాయి చెప్పిన మాట ట్యూబ్ యాంప్లిఫయర్ల కాలం నాటిది. దానిలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, లోడ్ లేకపోతే వోల్టేజీ ఎగిరి అదే కాలిపోతుంది. వెనక 4, 8 అని స్విచ్ ఉంటే బాక్స్‌కు సరిపోయేదే పెట్టాలి. నీ హెడ్‌కు ఆ భయం లేదు. బాక్స్ లేకుండా వేసినా, 16 ఓములు తగిలించినా తక్కువ వాట్లిచ్చి ఊరుకుంటుంది.

జడ్చర్ల బాక్స్ సంగతికి వస్తే, అది చాలా చవకగా వస్తోందంటే ఒంటరిగా వాడుకోవడానికి తీసుకోవచ్చు. ఆర్కెస్ట్రాకు పాతది, చర్చికి ఇది, రెండూ ఒకేసారి మాత్రం కాదు. ఇది ఒక్కటే పెట్టినా హెడ్ 500 దాకా ఇస్తుంది, బాక్స్ 250, కాబట్టి మోత విషయంలో నీ చెయ్యి నువ్వే పట్టుకోవాలి. మూడు వందల మంది పట్టే చర్చిలో హెడ్ వెనక నుంచి మిక్సర్‌కు లైన్ ఇచ్చేస్తే జనానికి మైక్ సెట్టే వినిపిస్తుంది, వేదిక మీది బాక్స్ నీకూ డ్రమ్స్ ఆయనకూ వినిపిస్తే చాలు. ఆ మాత్రానికి నీ పాత బాక్స్ ఒక్కటే ఎక్కువ అని నాకనిపిస్తోంది.

చూడటానికి వెళ్తే డబ్బు తీసే ముందు మీటర్ పెట్టు. వెనక ప్లేటు విప్పనిస్తే లోపల స్పీకర్లు రెండూ ఒకే కంపెనీవో కాదో, ఒక్కోదాని మీద ఎన్ని ఓములని ఉందో ఫోటో తీసుకో. అమ్మేవాళ్లు 4 అని చెప్పింది 8 కూడా అయి ఉండవచ్చు. నాకు జరిగినదానికి సరిగ్గా తలకిందులుగా నీకు జరిగితే, అంటే మీటర్ 6 చూపించి, స్పీకర్లు రెండూ మోగుతుంటే (4 ఓముల బాక్స్‌లో ఒక స్పీకర్ కాయిల్ తెగినా 6 చూపించవచ్చు), అప్పుడు పైన రాసిందంతా పక్కన పెట్టి ఆ బాక్స్ కొనేసెయ్. అంకె ఎంత వచ్చిందో ఇక్కడ రాయి.